నల్లరేగడికి సున్నం మందు

సూరత్‌కు బదిలీపై వచ్చిన మొదటి వేసవిలో, లింబాయత్ నుంచి ఒక మగ్గం కార్మికుడు మా శాఖకు వచ్చారు. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. నగర శివార్లలో స్థలం కొని, మన గృహఋణంతోనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. "సారూ, కట్టి రెండేండ్లు గాలే, గోడలన్నీ పర్రెలు పట్టినయ్. కిస్తీ కట్టాల్నా, గోడ కట్టాల్నా?" అని అడిగారు.

వెళ్ళి చూశాను. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు, గది మధ్యలో ఉబ్బిన గచ్చు. సిమెంటుదో ఇటుకదో తప్పనుకున్నాను. తీరా చూస్తే తప్పంతా కింది నల్లరేగడిదే.

రేగడిలో మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం ఎక్కువ. అది కాగితాల దొంతరలా పలుచని పొరలుగా ఉంటుంది. వానాకాలంలో పొరల మధ్యకు నీరు చేరి మట్టి ఉబ్బుతుంది, వేసవిలో ఆరి కుంచించుకుపోతుంది. బరువైన భవనం ఈ ఒత్తిడిని కొంత తట్టుకుంటుంది. ఒక అంతస్తు ఇంటిని మాత్రం మట్టి ఏటా ఎత్తి దించుతుంది.

దీనికి తేలికైన పరీక్ష ఉంది. పొడి మట్టిని పది గ్రాముల చొప్పున రెండు గాజు జాడీల్లో పోసి, ఒకదాంట్లో నీరు, రెండోదాంట్లో కిరోసిన్ నింపి 24 గంటలు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అక్కడ 10 మిల్లీలీటర్లున్న మట్టి నీటిలో 17 అయితే ఉబ్బు సూచిక 70 శాతం. సూచిక 50 దాటితే జాగ్రత్తపడాలి.

మందు సున్నం. సున్నంలోని కాల్షియం పొరలను దగ్గరికి పట్టి ఉంచుతుంది. జిగట మట్టి కొద్ది గంటల్లోనే పొడిపొడిగా మారుతుంది. తర్వాత వారాలు, నెలలు గడిచేకొద్దీ సున్నం మట్టిలోని సిలికాతో కలిసి సిమెంటులాంటి బంధం ఏర్పరుస్తుంది. సాధారణంగా పొడి మట్టి బరువులో 3 నుంచి 6 శాతం సున్నం చాలు. కచ్చితమైన పాళ్ళు ప్రయోగశాలే చెప్పాలి. మట్టిని తవ్వి, పొడిచేసి, సున్నం కలిపి, తగినంత తడితో ఒకటి రెండు రోజులు మాగనిచ్చి, పొరలుపొరలుగా దిమ్మిస చేయాలి. థర్మల్ కేంద్రాల బూడిద కూడా కలపవచ్చు. అయితే మన బూడిదలో ఎక్కువ భాగానికి సున్నం తోడు కావాలి.

మూడు హెచ్చరికలు. కాల్చని సున్నపురాయి పొడి ఈ పని చేయదు. మట్టిలో సల్ఫేట్లుంటే సున్నం వేశాక ఉబ్బు ఇంకా పెరగవచ్చు, అందుకే పరీక్ష తప్పనిసరి. పొలంలో చౌడు విరగడానికి వేసే జిప్సం కూడా సల్ఫేటే, దాన్ని పునాదిలో సున్నానికి బదులు వాడకూడదు.

సున్నం కాక వేరే దారీ ఉంది. ఐఐటీ బొంబాయికి చెందిన ఆర్.కె. కట్టి, రేగడిపై ఉబ్బని బంకమట్టిని సుమారు మీటరు మందాన పరిచే పద్ధతిని రూపొందించారు. కాలువల పనుల్లో దాన్ని వాడారు.

ఇవన్నీ ఇల్లు కట్టకముందు చేయాల్సినవి. నిలబడిన ఇంటి కిందికి సున్నం ఎక్కించడం చిన్న మేస్త్రీ పని కాదు. అందుకే ఆ కార్మికుడి ఇంటికి ఇంజినీరు సలహాతో నీటి దారి మార్చడమే చేశాం: చుట్టూ వాలుగా సిమెంటు గట్టు, డాబా నీరు దూరంగా పోయే గొట్టం, గోడ పక్కన మొక్కలకు నీళ్ళు పోయడం బంద్. రెండు వానాకాలాలు గడిచాయి. పూడ్చిన పగుళ్ళలో ఒకచోట వెంట్రుకవాసి గీత మళ్ళీ కనిపించింది, మిగతావి నిలిచాయి. కిస్తీ ఆగలేదు.

అప్పటి నుంచి రేగడి ప్రాంతపు గృహఋణ దరఖాస్తు వస్తే ప్లాను చూసే ముందు ఒక మాట అడుగుతున్నాను: "మట్టి పరీక్ష చేయించారా?" మీరూ అడగండి. ఆ ఇల్లు మనకు తనఖా, వారికి జీవితకాలపు కష్టార్జితం.