వయ్యారిభామ వలని దురద

సోమల పొలములలో, బాటల ప్రక్కను తెల్లని పూలతో పెరుగు వయ్యారిభామను పంచాయతీ సభ్యులెల్లరు ఎరుగుదురు. పేరు మాత్రము సొగసైనదే! 1955 ప్రాంతమున పూనాలో కనిపించి, పిమ్మట ఈ మొక్క దేశమంతట వ్యాపించినది.

రోగములతో పోరాడు దేహశక్తి ఒక్కొక్కప్పుడు హానిచేయని పుప్పొడిని సైతము శత్రువుగా భ్రమించును. 1906లో వియన్నా వైద్యుడు పిర్కే ఇట్టి మారిన స్పందనకు ‘ఎలర్జీ’ యని పేరిడెను. పుప్పొడి సోకినచో నిమిషములలో తుమ్ములు వచ్చును. ఆకు తగిలినచో అట్లుకాదు. దేహము దానిని గురుతుంచుకొని, మరల తాకినపుడు ఒకటి రెండు దినములకు చర్మము ఎర్రబారును. కనుకనే కూలీలు కారణము పోల్చుకొనలేక గజ్జి యని భావింతురు.

పూతకు మునుపే, చేతితొడుగులిచ్చి పీకింపవలెనని మేము కోరుచున్నాము. ఒకసారి దద్దురు వచ్చినవారికి కూలి పోకుండ వేరుపని చూపవలెను. ఆయాసపడువారిని వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.