గల్ఫ్ జీతానికి పన్ను లేదు, మరి పింఛను?

కామారెడ్డి బస్టాండులోనైనా, ఎల్లారెడ్డి అంగడిలోనైనా గల్ఫ్ ముచ్చట వస్తే ఒక మాట తప్పక వినబడుతుంది: "అక్కడ పన్ను లేదు, జీతమంతా చేతికే." నిజమే. పన్నుతో పాటు ఇంకేమేమి లేవో మాత్రం ఏజెంటు చెప్పడు. అందుకే మనం చెప్పుకోవాలి.

ముందు పన్ను సంగతి. యూఏఈ, సౌదీ, ఖతర్‌లలో కూలీ జీతం మీద ఆదాయపు పన్ను లేదు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా మన దేశంలో 182 రోజుల కన్నా తక్కువ ఉన్న గల్ఫ్ కార్మికుడు ఎన్నారై కిందికి వస్తాడు. అక్కడ సంపాదించి అక్కడే అందుకున్న జీతానికి ఇక్కడా పన్ను పడదు. ఏ దేశంలోనూ పన్ను కట్టని భారతీయులను ఇక్కడి నివాసులుగా లెక్కగట్టే నిబంధన 2020లో వచ్చింది. అది ఇండియాలో 15 లక్షలకు మించి ఆదాయం ఉన్నవాళ్లకే. తాపీ పని, క్లీనింగ్ పని చేసేవాళ్లు దానికి భయపడాల్సిన పని లేదు.

అసలు సమస్య సామాజిక భద్రత. హైదరాబాద్ కంపెనీ తన ఇంజినీరును జర్మనీకి పంపితే అతని పీఎఫ్ ఇక్కడే కొనసాగుతుంది. రెండు దేశాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం ఉంది కాబట్టి అక్కడి పింఛను నిధికి మళ్లీ కట్టక్కరలేదు. బెల్జియం, ఫ్రాన్స్, జపాన్‌లతోనూ ఇలాంటి ఒప్పందాలున్నాయి. మన జనం వేలల్లో పోయే గల్ఫ్ దేశాలలో ఒక్కదానితోనూ లేదు.

అక్కడ పింఛనుకు బదులు దొరికేది గ్రాట్యుటీ. యూఏఈ చట్టం ప్రకారం ఏడాది సర్వీసు నిండితే, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది ఇవ్వాలి. ఓవర్‌టైం, అలవెన్సులు లెక్కలోకి రావు. బేసిక్ 800 దిర్హాములైతే నాలుగేళ్లకు వచ్చేది 2,240 మాత్రమే. 2020లో కేంద్రం గల్ఫ్ కార్మికుల కనీస వేతనాలను తగ్గించినప్పుడు తెలంగాణ కార్మికులు కొట్లాడింది ఇందుకే. 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి. గల్ఫ్ కూలీల కోసం 2012లో కేంద్రం తెచ్చిన మహాత్మాగాంధీ ప్రవాసీ సురక్షా యోజన అనే పింఛను పథకాన్ని 2017లో ఎత్తేశారు.

ఇక చావు సంగతి. పది పాసుగాని ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం, 10 లక్షల బీమా. కానీ అది ప్రమాదంలో చనిపోతేనో, శాశ్వతంగా అంగవైకల్యం వస్తేనో వర్తిస్తుంది. గుండె ఆగి చనిపోతే రాదు. విజిట్ వీసా మీద పోయినవాళ్లకు ఈ బీమాయే ఉండదు.

ఇక్కడే కులం లెక్క బయటపడుతుంది. సహజ మరణానికి కూడా 5 లక్షలిచ్చే రైతుబీమా పట్టాదారులకే. గుంట భూమి లేని మాల, మాదిగ ఇంటి మనిషి గల్ఫ్‌లో గుండెపోటుతో పోతే ప్రవాసీ బీమా వర్తించదు, రైతుబీమా అందదు. ఏజెంటుకు కట్టిన అప్పు, దాని మిత్తి మాత్రం ఇంటి ఆడమనిషి మీద పడతాయి.

2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. దరఖాస్తు కలెక్టరుకు పెట్టాలి. మంచిదే. కానీ అది ఉత్తర్వు మాత్రమే, చట్టం కాదు. కేరళ 2008లోనే చట్టం చేసి ప్రవాసీ సంక్షేమ బోర్డు పెట్టింది, అరవై నిండినవారికి పింఛను ఇస్తోంది.

ఊళ్లలో పనిచేసే విద్యార్థి మిత్రులకు మా విన్నపం ఇది. పోయేవాళ్ల వీసా, ఒప్పందం, బీమా కాగితాల జిరాక్సులు ఇంట్లో ఉంచేలా చూడండి. ఒప్పందంలో బేసిక్ ఎంత రాశారో చదివి చెప్పండి. అదే సమయంలో, భూమితో సంబంధం లేకుండా ప్రతి వలస కూలీకి సహజ మరణ బీమా, పింఛను ఇచ్చే చట్టం కావాలని అడుగుదాం. వాళ్లు పంపే పైసలతో జిల్లా బతుకుతున్నప్పుడు, వాళ్ల ముసలితనానికి ప్రభుత్వం పూచీ పడాలి.