ఉతకందే దాచకండి!

శివరాత్రికి చలి 'శివశివా' అంటూ వెళ్లిపోతుందంటారు పెద్దలు. ఇక స్వెట్టర్లు, శాలువాలు బీరువా పైఅరకు చేరాల్సిందే. "రెండుసార్లేగా కప్పుకున్నది, ఉతకడమెందుకు?" అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకుని, అమ్మ గుర్తుగా మిగిలిన ఉన్ని శాలువాను మడతపెట్టేశాను. మళ్లీ చలికాలంలో తీసి చూస్తే ఏముంది, అన్నీ చిల్లులే!

ఉన్నిని కొరికేది రెక్కల పురుగు కాదు, దాని గుడ్లలోంచి వచ్చే పిల్లపురుగు. చెమట, కూర మరకలున్న చోటంటే దానికి మరీ ఇష్టం. అందుకే చల్లటి నీళ్లలో ఉతికి, నీడన పూర్తిగా ఆరాకే, మూత బిగువుగా ఉండే పెట్టెలో దాచండి. పసిపిల్లల బట్టల్లో మాత్రం కలరా ఉండలు వద్దు. ఆ ఆవిరి కొందరు పసికందుల్లో ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది.

ఈ ఆదివారం ఓ గంట కేటాయించండి. మీ అమ్మగారి శాలువా అయినా మీ పిల్లలకు దక్కుతుంది.