ఒడ్డు మీద ఎవరి పేరు రాసుంది? పడవ రేవులు, సుందరీకరణ, దళిత బహుజనులు

నీళ్ల దాకా వెళ్లే హక్కు కోసం కొట్లాట మనకు కొత్త కాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహాద్‌లో చవుదార్ చెరువులో దిగి నీళ్లు తాగేనాటికి, కాగితం మీద ఆ చెరువు అందరిదే. 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది, ఆ మరుసటేడు మహాద్ మునిసిపాలిటీ కూడా చేసింది. కాగితం ఉంది, కాలు పెట్టనివ్వలేదు. మన సముద్రం ఒడ్డున దీనికి తిరగేసిన పరిస్థితి. జాలరి, వాడబలిజ, పల్లి కులాల వాళ్లు తరతరాలుగా ఇసుక మీదే ఉన్నారు, పడవలు లాగుతున్నారు, వలలు కుట్టుకుంటున్నారు. కాలు ఉంది, కాగితం లేదు. నగరాలు తమ సముద్రతీరాన్ని 'అందంగా' చేసుకోవడం మొదలెట్టాక ఈ కాగితం లేనితనం ఏం చేస్తున్నదో చెప్పడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

ముందు రేవు అంటే ఏమిటో చూడాలి. ప్లాను గీసేవాళ్లకి రేవంటే పడవ ఆగే చోటు, అంతే. నిజానికి పడవ ఆగే జాగా రేవులో చిన్న భాగం. విశాఖ తీరంలో ఫైబర్ తెప్పో నావో అల మీద ఎక్కి ఇసుక మీదికి వస్తుంది. దాన్ని పోటు నీళ్లు అందనంత పైకి లాగాలి. పక్కనే వల ఆరెయ్యాలి, చిరుగులు కుట్టాలి. చేప దించగానే ఆడవాళ్లు పాట పాడుకుని కొనే చోటు కావాలి, ఎండబెట్టే చోటు కావాలి. వానాకాలంలో అల ఒడ్డును కోసేస్తే పడవలు ఇంకా పైకి జరుగుతాయి. ఈ నెల వాడిన ఇసుక వచ్చే నెల వాడరు. ఇక పడవలు కట్టే, బాగుచేసే యార్డు ఉంది చూశారూ, దాని సంగతి వేరు. అక్కడ వడ్రంగులుంటారు, ఇంజను మెకానిక్కులుంటారు, ఫైబరు అతికేవాళ్లుంటారు. చెక్క బోటును ఒడ్డుకు లాగి, అడుగున పట్టిన గుల్లలు గీకి, పలకల సందుల్లో నార కూరి, రంగు వెయ్యాలి. ఇది నాలుగు గోడల మధ్య చేసే పని కాదు. వాలుగా నీళ్లలోకి దిగే నేల ఉండాలి, లేకపోతే పడవ ఎక్కదు, దిగదు.

ఇంకో సంగతి ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నియమం. ఆ రెండు నెలల్లోనే బోట్లన్నీ ఒక్కసారిగా ఒడ్డుకొస్తాయి, మరమ్మతులన్నీ అప్పుడే. మిగతా పది నెలల్లో పట్టపగలు సర్వేయరు వస్తే ఏం కనపడుతుంది? రెండు పాత పడవలు, ఒక తారు డబ్బా, నాలుగు కుక్కలు. 'ఖాళీ స్థలం' అని రాసుకుపోతాడు. పొలానికి పైరు లేని నెలల్లో పోయి దాన్ని బీడు అని రాస్తే ఏ ఆసామీ ఊరుకోడు. ఆసామీ చేతిలో పట్టా ఉంటుంది. జాలరి చేతిలో ఉండదు, ఎందుకంటే ఒడ్డు పోరంబోకు.

ఈ ఖాళీలోకే వాకింగ్ ట్రాకు వస్తుంది, పచ్చగడ్డి వస్తుంది, రాళ్ల గోడ వస్తుంది. గోడ కడితే పడవ లాగడం అయిపోయినట్టే. ఈ వరస ఇవాళ మొదలైంది కాదు. 1985లో మద్రాసు మెరీనా సుందరీకరణ పేరు చెప్పి పడవల్ని, వలల్ని తీసెయ్యమంటే జాలరులు ఎదిరించారు. పోలీసు కాల్పుల్లో జాలరుల ప్రాణాలు పోయాయి. ఆ ఏడు జులైలోనే కారంచేడులో మాదిగల మీద దాడి జరిగింది, ఆ గొడవా మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైందే. ఈ రెండింటినీ ఒక వరసలో పెట్టి చదివినవాళ్లు తక్కువ. విశాఖ పక్కన గంగవరంలో అడ్డొచ్చింది పార్కు కాదు, ప్రైవేటు ఓడరేవు. పడవలు నిలుపుకునే చోటు పోతుందని తిరగబడ్డ జాలరుల మీద 2006లో కాల్పులు జరిగితే ఒకరు చనిపోయారు. 2023లో రుషికొండ బీచికి ఇరవై రూపాయల టిక్కెట్టు పెట్టబోతే జనం గోల చేశాక వెనక్కి తగ్గారు. ఆ ఏడే విశాఖ ఓడరేవులో విహార నౌకల టెర్మినల్ మొదలైంది. టిక్కెట్టు మీద గోల చేసింది మంచిదే, కాదనం. కానీ ఆ గోలలో 'ప్రజలు' అంటే ఒడ్డుకొచ్చి సముద్రం చూసి పోయేవాళ్లే. అక్కడ బతికేవాళ్ల ఊసు పెద్దగా లేదు.

పడవకి దారి అంటే ఒడ్డు మాత్రమే కాదని బొంబాయి వర్లీ కోలీలు అందరికీ నేర్పారు. అక్కడి కోస్టల్ రోడ్డు వంతెన వాళ్ల పడవలు సముద్రంలోకి పోయే దారి మీదుగా వచ్చింది. స్తంభానికీ స్తంభానికీ మధ్య సుమారు 60 మీటర్లు చాలని ఇంజనీర్లు అన్నారు. పడవ వెడల్పు చూస్తే చాలుననిపిస్తుంది. కానీ గాలి తోస్తుంది, ప్రవాహం పక్కకి లాగుతుంది, ఎదురుగా ఇంకో పడవ వస్తుంది. 160 మీటర్లు కావాలని కోలీలు పట్టుబట్టారు, సముద్రంలో పడవలు అడ్డం పెట్టారు. చివరికి 2023లో కార్పొరేషన్ 120 మీటర్లకు ఒప్పుకుంది. అడిగినంత రాలేదు. అయినా జాలరి లెక్క ఇంజనీరు గీతను మార్చిన సందర్భాలు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టాలి.

చట్టం సంగతి. 1991 ఫిబ్రవరి 19న మొదటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ వచ్చింది. దాని చోట 2011లో ఒకటి, 2019లో ఇంకొకటి వచ్చాయి. 2011 నాటి నిబంధనల్లో పల్లె తీరాన పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కూడదు. చదరపు కిలోమీటరుకు 2161 మంది కంటే ఎక్కువ జనసాంద్రత ఉన్న చోట్ల 2019లో దీన్ని 50 మీటర్లకు దించారు. జాలరి పేటలు సామాన్యంగా కిక్కిరిసి ఉంటాయి గనక ఈ సడలింపు తగిలేది ముందు వాళ్ల ముంగిటికే. మరోపక్క చేపలు ఎండబెట్టే జాగాలు, వలలు బాగుచేసే జాగాలు, సంప్రదాయ పడవల యార్డులు కట్టుకోవచ్చని నోటిఫికేషన్లలో పేరుపెట్టి రాశారు. సంతోషం. కానీ ఆ రాతను జాగ్రత్తగా చదవాలి. అది అనుమతి, హక్కు కాదు. యార్డు పెట్టుకుంటే తప్పు కాదంటుంది. యార్డు తీసేస్తే తప్పు అనదు. అడవి మీద ఆధారపడ్డవాళ్లకు 2006 చట్టం సామూహిక హక్కు అనే మాటైనా ఇచ్చింది. సముద్రం మీద ఆధారపడ్డవాళ్లకు అలాంటి చట్టమే లేదు. నది, ఒడ్డు వంటివాటికి ప్రభుత్వం ధర్మకర్తే తప్ప సొంతదారు కాదని 1996లో కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒడ్డు కోసం వాదించేవాళ్లు ఆ తీర్పును ఇంకా గట్టిగా పట్టుకోవాలని మా అభిప్రాయం.

చేతికందే పని ఒకటుంది. తీర నిర్వహణ పటాల్లో జాలరి పల్లెలు, వాళ్ల ఉమ్మడి ఆస్తులు, జెట్టీలు, చేపలు ఎండబెట్టే జాగాలు సర్వే నంబర్ల స్థాయిలో గుర్తించాలని 2011 నుంచీ నియమం ఉంది. ముసాయిదా పటం మీద జిల్లాలో ప్రజాభిప్రాయం తీసుకోవాలి. ఆ రోజు పటం ముందు నిలబడి మా రేవు ఇక్కడ, మా యార్డు ఇక్కడ, పడవ పోయే దారి ఇదీ అని గీయించుకోకపోతే తర్వాత కోర్టులో చూపించడానికి ఏమీ మిగలదు. సర్వే కూడా నిషేధం రోజుల్లో చెయ్యమని అడగాలి, బోట్లన్నీ ఒడ్డున ఉన్నప్పుడు.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సింది. ఒడ్డు 'అందరి'దీ అనేటప్పుడు ఆ అందరిలో ఎవరున్నారు? పులికాట్ సరస్సులో తమిళనాడు వైపు పాడు పద్ధతి ఉంది. మంచి రొయ్యల జాగాలు పట్టినవర్ కులం వాళ్లు వంతులేసుకుంటారు. దళితులకు, ఇరుళర్లకు ఆ వంతులో చోటు లేదు, వాళ్లు అంచుల్లో చేత్తో ఏరుకోవాలి. ఆంధ్రలో వేట నిషేధ భృతిని 2025లో ఇరవై వేలకు పెంచారు. అది పడవ మీద వేటకు పోయేవాళ్లకి. బుట్ట నెత్తినెత్తుకుని ఊళ్లమ్మట తిరిగే ఆడమనిషికి, ఐసు కొట్టేవాడికి, యార్డులో గుల్లలు గీకేవాడికి ఆ రెండు నెలలూ ఏమీ రాదు. రేపు రేవుకి ఉమ్మడి పట్టా అడిగితే, ఆ కాగితం మీద ఎవరి పేర్లు రాయించాలన్నది పేటల్లో ఇప్పుడే తేల్చుకోవాలి. కలెక్టరు దగ్గరికి పోయాక తేలేది కాదది.