విదేశ నివాసపు చీటి – ఆడుబిడ్డలు, తల్లులు తెలిసికొనవలసిన సంగతులు

నన్నయభట్టారకుని భారతమున శకుంతల దుష్యంతుని సభలో నిలిచినపుడు ఆమె చేత గుర్తేమియు లేదు. ఆకాశవాణి పలికి ఆమె మాటను నిలువబెట్టెను. కాళిదాసుని నాటకమునందైతే ఉంగరము నీట జారి, చేప కడుపునుండి బయటపడువరకు రాజు ఆమెను భార్యగా నెఱుగడు. సత్యవంతురాలికిని సాక్ష్యము కావలసియుండుట ఈనాటి విడ్డూరము కాదు. అయితే మనకాలమున ఆకాశవాణి పలుకదు. ఉంగరమునకు బదులు కాగితము పలుకవలెను.

సోదరీమణులారా! నేడు మన తెలుగునాట అమెరికాకు పిల్లనిచ్చిన యిల్లు, లేదా కొడుకో కూతురో అచ్చట స్థిరపడిన యిల్లు లేని వీథి అరుదు. అట్టివారు భార్యను, తల్లిని, తండ్రిని అచ్చటికి శాశ్వత నివాసులుగా పిలిపించుకొనుటకు దరఖాస్తు పెట్టుదురు. ఆ నివాసపు హక్కునకు సాక్ష్యముగా నిచ్చు చీటినే గ్రీన్‌కార్డు అందురు. ఇక్కడినుండియే నడచు ఆ దరఖాస్తులో ఆడువారి పని తరచుగా సంతకము చేయుటతో ముగియుచున్నది. తాము దేనికి సంతకము చేసితిమో, దానివలన తమకు సంక్రమించు హక్కేమో, బాధ్యతయేమో అడుగువారు కొందఱే. ఆ కొదువ తీర్చుటకే ఈ వ్యాసము.

మూసిన తలుపు, తెఱచిన తలుపు

ఒకప్పుడు మనవారికి ఆ దేశపు తలుపే మూసియుండెను. 1917 నాటి చట్టము మన దేశమును నిషిద్ధ ప్రాంతములలో చేర్చినది. 1923లో భగత్ సింగ్ థిండ్ అను పంజాబీయుని వ్యాజ్యమున అచ్చటి సుప్రీముకోర్టు, భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పెను. మఱుసటి సంవత్సరపు చట్టము, పౌరసత్వమునకు అర్హత లేనివారు నివాసమునకై రాగూడదని కట్టడి చేసినది.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ దినములలోనే అమెరికాకు విద్యార్థిగా వెళ్లిరి. ఎందఱి ప్రాణములనో నిలిపిన మందులకు ఆయన పరిశోధన మూలమయ్యెను. అయినను 1948లో న్యూయార్కున కన్నుమూయువరకు ఆయన ఆ దేశ పౌరుడు కాలేదు. ఆయన ధర్మపత్ని శేషగిరిగారు ఇచ్చటనే యుండిపోయిరి. ఆ దంపతులు మరల కలిసికొనలేదు. ఆయన కీర్తిని చెప్పుకొనునపుడు ఆమె నిరీక్షణమును కూడ తలచుట మనకు ధర్మము.

1946లో ఏటికి నూర్గురు భారతీయులకు ప్రవేశమును, పౌరసత్వపు అర్హతయు లభించెను. 1965 నాటి చట్టముతో దేశమునుబట్టి చేసిన ఆ పాత వివక్ష తొలగి, కుటుంబ బంధమునకు ప్రాధాన్యము వచ్చెను. ఇక చీటి సంగతి: 1940లో పదునాలుగేండ్లు దాటిన విదేశీయులందఱు తపాలా కచ్చేరీలలో వ్రేలిముద్రలు వేసి నమోదు కావలెనని చట్టము వచ్చినది. ఆ నమోదునుండియే క్రమముగా ఈ కార్డు పుట్టినది. ఆకుపచ్చని రంగు నడుమ పెక్కేండ్లు మాఱినను పేరు మాఱలేదు. 2010లో మరల ఆ రంగే వచ్చినది.

ఎవరు ఎవరిని పిలువవచ్చును?

అమెరికా పౌరుడు తన భార్యను, ఇరువదియొకటి నిండని అవివాహిత సంతానమును పిలిచినచో సంఖ్యా పరిమితి లేదు. పౌరునికి ఇరువదియొక యేండ్లు నిండినచో తల్లిదండ్రులను పిలుచుటకును అంతే. పౌరుడు కాక గ్రీన్‌కార్డు మాత్రమే గలవాడు భార్యాబిడ్డలను పిలువవచ్చును గాని, వారికి ఏటేట ఇన్ని వీసాలని పరిమితి యున్నది, వరుసలో వేచియుండవలెను. అతడు తల్లిదండ్రులను పిలువజాలడు. పౌరుడు తోబుట్టువులను పిలువవచ్చును. అయితే మన దేశీయులకు ఆ వరుస పదునైదేండ్లకు మించి సాగుచున్నది. దరఖాస్తు చేరిన తేదీయే వరుసలో మీ స్థానము. ఏ తేదీవారి వంతు వచ్చినదో అమెరికా విదేశాంగశాఖ నెలనెల ప్రకటించును. డబ్బిచ్చినచో వరుస ముందుకు జరిపింతునను దళారి మాట నమ్మదగినది కాదు.

ఇచ్చట ఆడపిల్లల తల్లిదండ్రులు గమనింపవలసిన సూక్ష్మ మొకటి కలదు. వరుడు ఉద్యోగమూలమున గ్రీన్‌కార్డు పొందువాడైనచో, పెండ్లి ముందా, కార్డు ముందా అనునది ముఖ్యము. కార్డు లభించుటకు ముందే వివాహమైనచో, ఆ భార్య అతని దరఖాస్తును అనుసరించియే, అతని వరుస తేదీతోనే వెళ్లవచ్చును. కార్డు వచ్చిన పిదప వివాహమైనచో క్రొత్త దరఖాస్తు, క్రొత్త వరుస. ముహూర్తము పెట్టించునపుడు తిథివార నక్షత్రములతోపాటు ఈ సంగతియు విచారించుట మంచిది.

దరఖాస్తు నడక

మొదట అచ్చటివారు ఐ-130 అను పత్రముతో, ఈమె నా భార్య, లేదా నా తల్లి, అని నిరూపింతురు. అది అంగీకృతమైన పిదప, వంతు వచ్చినపుడు, ఇచ్చటివారు డి.ఎస్.-260 అను దరఖాస్తును పూరింపవలెను. పుట్టుక, విద్య, ఉద్యోగము, నివసించిన ఊళ్లు, వెనుకటి వివాహములు, అన్నియు అందుండును. పూరించినది కొడుకైనను అల్లుడైనను, దానిలోని మాటలకు పూచీ మీదే. పంపుటకు ముందు ఆసాంతము చదివించుకొనుడు. అబద్ధము వ్రాసి, లేదా దొంగ పత్రము చేర్చి పట్టుపడినచో జీవితాంతము ప్రవేశము నిషిద్ధము కావచ్చును.

ఇక పోషణకు పూచీ. పిలిచినవాడు తన కుటుంబాదాయము, ఆ ప్రభుత్వము నిర్ణయించిన పేదఱికపు రేఖకు నూటికి 125 వంతులకు తగ్గదని ఐ-864 పత్రమున చూపి, వచ్చినవారిని పోషింతునని ఒడంబడిక వ్రాసియిచ్చును. ఈ ఒడంబడిక విడాకులతో రద్దు కాదు. ఆమె పౌరురాలగువరకో, సుమారు పదేండ్ల పనికి సమానమైన కాలము లెక్కకు వచ్చువరకో, ఆ దేశమును శాశ్వతముగా విడుచువరకో అతనిని బంధించియుండును. అవసరమైనచో ఆమెయే న్యాయస్థానమున దానిని అమలు జరిపించుకొనవచ్చును. కనుక దాని నకలు భార్యవద్ద నుండుట యెంతయు అవసరము.

పదునాఱేండ్లు నిండినవారికి పోలీసు ధ్రువపత్రము కావలెను. మన దేశమున దీనిని పాస్‌పోర్టు కచ్చేరి యిచ్చును. వారు నియమించిన వైద్యులచేతనే పరీక్ష చేయించుకొనవలెను. టీకాలు, క్షయవ్యాధికై ఛాతి ఎక్స్‌రే అందు ముఖ్యములు. చిన్ననాటి టీకాల చీటీలున్నచో వెంట తీసికొనిపోవుడు. హైదరాబాదున 2008లో తెఱచిన అమెరికా కాన్సులేటు ఉన్నను, ఈ శాశ్వత నివాసపు వీసా ప్రశ్నోత్తరములు మనవారికి సాధారణముగా ముంబయిలో జరుగును.

పేరు అను చిక్కు

మగవారికంటె మనకే హెచ్చుగా నెదురగు చిక్కు పేరు. బడి పత్రమున పుట్టింటిపేరు, ఆధారులో అత్తింటిపేరు, బ్యాంకు పుస్తకమున ఒక పొడి అక్షరము, పాస్‌పోర్టున మఱొకటి. ఒకచోట సుబ్బలక్ష్మి, ఇంకొకచోట వెంకటసుబ్బలక్ష్మి. మనకు ఇవన్నియు ఒక్క మనిషియే. పరదేశపు అధికారికి నలుగురు. పాస్‌పోర్టున ఇంటిపేరు గడి ఖాళీగా నున్నచో, అమెరికా వీసాలో మన పేరును ఇంటిపేరు స్థానమునకు త్రోసి, పేరు స్థానమున ఎఫ్.ఎన్.యు. అని మూడక్షరములు వేయుదురు. మొదటి పేరు తెలియదని దాని యర్థము! బారసాలనాడు పళ్లెమున బియ్యము పోసి వ్రాసిన పేరు అట్లు తెలియనిదై పోవుచున్నది. కనుక దరఖాస్తునకు ముందే పాస్‌పోర్టున ఇంటిపేరును, పేరును పూర్తిగా విడివిడి గడులలో వ్రాయించుకొనుడు. పాత పత్రములలో తేడాలున్నచో, ఇవన్నియు ఒకరివేయని ప్రమాణపత్రము సిద్ధము చేసికొనుడు.

జనన ధ్రువపత్రము రెండవ చిక్కు. జనన మరణముల నమోదు చట్టము వచ్చినది 1969లో. దానికి ముందును, తరువాత పల్లెలలో పెక్కేండ్లును, మంత్రసాని చేతులలో పుట్టిన మన తల్లుల జననములు నమోదు కాలేదు. అట్టివారు పురపాలక కచ్చేరినుండియో పంచాయతీనుండియో నమోదు లేదను దాఖలా తెచ్చి, పుట్టుక నెఱిగిన దగ్గఱి పెద్దల ప్రమాణపత్రములను, బడి పత్రమును జతపఱుపవలెను. ఆ పెద్దలు బ్రతికియుండగనే ఈ పని ముగించుకొనుట తెలివి. వివాహపు నమోదును మన రాష్ట్రమున 2002 చట్టము నిర్బంధము చేసినది. శుభలేఖయు ఛాయాపటములును దానికి తోడగునే గాని బదులు కావు. తెలుగున నున్న ప్రతి పత్రమునకు ఆంగ్లానువాదమును, అనువదించినవారి సంతకమును ఉండవలెను.

అడుగుపెట్టిన పిదప

వీసా చేతికి వచ్చినంతనే కార్డు రాదు. వీసా గడువు సామాన్యముగా ఆఱు నెలలకు మించదు. ఆలోపల ప్రయాణము చేయవలెను. విమానాశ్రయమున అధికారి ముద్ర వేసిననాటినుండి ఆ వీసాయే ఒక సంవత్సరము నివాసపు సాక్ష్యముగా చెల్లును. కార్డునకై వేఱుగా రుసుము చెల్లింపవలెను. పిదప అది తపాలాలో వచ్చును. అందుపై పేరు, పుట్టిన తేదీ, దేశము, నివాసము మొదలైన దినము ఉండును. ఒక్క అక్షరము తప్పుగానున్నను వెంటనే దిద్దించుకొనుడు. పదునెనిమిదేండ్లు దాటినవారు ఆ కార్డును ఎల్లప్పుడు దగ్గఱ నుంచుకొనవలెనని అచ్చటి చట్టము. ఇది పౌరసత్వము కాదు. మీ భారత పాస్‌పోర్టు మీదే.

వివాహమై రెండేండ్లు నిండకముందే భార్యగా వెళ్లినవారికి పదేండ్ల కార్డు రాదు, రెండేండ్ల కార్డు వచ్చును. గడువు ముగియుటకు ముందు తొంబది దినములలో ఆలుమగలిరువురు కలిసి ఐ-751 పత్రము పెట్టవలెను. ఈ రెండేండ్లలోనే, "నేను సంతకము చేయకున్న నీవు తిరుగుప్రయాణమే" యని భార్యను బెదరించువారు కలరు. ఆ మాట అబద్ధమని మన ఆడపిల్లలందఱికి తెలియవలెను. విడాకులైనను, హింస జరిగినను, భార్య యొంటరిగనే ఆ పత్రము పెట్టుకొనవచ్చును. అంతకుముందు దశలోనైనను, భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు గలవాడో అయి హింసించినచో, అతని సంతకము లేకయే ఆమె తనంతట దరఖాస్తు చేయు మార్గమును 1994 చట్టము కల్పించినది. ఆ సంగతి భర్తకు పొక్కనీయకుండుట అధికారుల విధి.

తల్లులకొక మాట

కొడుకు ప్రేమతో కార్డు తెప్పించును. తల్లికో, ఇచ్చట ఇల్లు, తులసికోట, తోబుట్టువులు. ఆఱు నెలలకొకసారి వెళ్లివచ్చినచో చాలునని పెక్కుమంది యనుకొందురు. చట్టము అట్లు చెప్పదు. ఆ కార్డు అచ్చటనే కాపురముండువారికి. ఆఱు నెలలు మించి వెలుపల నున్నచో తిరిగి పోవునపుడు ప్రశ్నింతురు. ముందుగా పునఃప్రవేశ పత్రము తీసికొనక ఏడాదికి మించినచో కార్డు ప్రవేశమునకు పనికిరాదు. ఆ పత్రమును ఆ దేశమున నున్నప్పుడే కోరవలెను. గడువు సాధారణముగా రెండేండ్లు. విమానాశ్రయమున ఎవరైన ఐ-407 అను పత్రముపై సంతకము చేయుమన్నచో తొందరపడకుడు. అది హక్కును వదలుకొనుచున్నానను ఒప్పుకోలు. ఒప్పుకొనకుండుటకు, న్యాయాధికారి యెదుట విచారణ కోరుటకు మీకు హక్కు కలదు.

వృద్ధాప్యమున వైద్యము మాటయు యోచింపుడు. అఱువదియైదేండ్లు దాటిన క్రొత్త నివాసులకు అచ్చటి ప్రభుత్వపు వైద్య బీమా కొనుటకైనను అయిదేండ్ల నివాసము పూర్తి కావలెను. అంతవరకు ఖర్చు పిల్లలదే. మనుమలను చూచి వచ్చుటయే కోరికయైనచో సందర్శకుల వీసాయే సుఖము. పిల్లలు నొచ్చుకొందురేమోయని మాట దాచి కార్డు పుచ్చుకొని, పిదప ఇచ్చట మనసు, అచ్చట మనిషిగా బ్రతుకుటకంటె, ముందే కూర్చుండి చెప్పుకొనుట ఇరువురికిని మేలు.

పాస్‌పోర్టు, జనన వివాహ పత్రములు, పోషణపు ఒడంబడిక, కార్డు, వీని నకళ్లను ప్రతి స్త్రీయు తన పెట్టెలో ఒక జత, పుట్టింట ఒక జత ఉంచుకొనవలెను. భర్తపై అపనమ్మకముతో కాదు. నగలు దాచుకొనుట అపనమ్మకము కానట్లే. పిల్లను పంపునాడు పసుపుకుంకుమలు, చలిమిడి ఒడిని పెట్టు తల్లులు, ఆ నకళ్ల కట్టను కూడ ఆ చీరమడతలలో నుంచి, దానిలోని ప్రతి కాగితము ఏమి చెప్పుచున్నదో బిడ్డకు చదివి వినిపింతురుగాక.