చేతిలో త్రిశూలం... పొయ్యి మీద పాలు!

రాత్రి పదిన్నర. గిన్నెలు కడగడం అయింది. పెరుగు తోడు పెట్టేశాను. మావారు వార్తలు చూసి పడుకున్నారు. ఆ తర్వాత ఓ గంటసేపు నేనేం చేస్తానో చాలాకాలం మా ఇంట్లో ఎవరికీ తెలీదు. మా అమ్మాయి ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్తూ వదిలేసిన పాత కంప్యూటర్ ముందు కూర్చుని, సౌండు బాగా తగ్గించుకుని, త్రిశూలం పట్టుకుని రాక్షసులతో యుద్ధం చేస్తాను!

నవ్వొచ్చిందా? ఫర్వాలేదు, నవ్వండి. నలభై ఏడేళ్లదాన్ని. పగలంతా ఓ ఆఫీసులో అకౌంట్లు రాస్తాను. పక్కింటావిడకి తెలిస్తే ఏమనుకుంటుందోనని కిటికీ కర్టెన్ కూడా వేసుకునేదాన్ని. మావారు స్నేహితులతో తెల్లవార్లూ పేకాడితే అది కాలక్షేపం. నేను ఆడితే చిన్నపిల్లల వేషాలు! ఈ లెక్క మాత్రం నాకు ఏ లెడ్జరులోనూ సరిపోలేదు.

అసలు ఆడవాళ్లు ఆడుకోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు కదా. మధ్యాహ్నం వంటిల్లు సర్దేశాక మా నాయనమ్మా, చుట్టుపక్కల అమ్మలక్కలూ వసారాలో చేరి వామనగుంటలో, అష్టాచెమ్మానో వేసేవాళ్లు. జాగారం రాత్రి వైకుంఠపాళి పరిచేవాళ్లు. ఆలోచిస్తే అంతకు మించిన మాయల ఆట ఏముంది చెప్పండి? కింద పాములు, పక్కన నిచ్చెనలు, పైన వైకుంఠం. పై వరసదాకా వెళ్లి పెద్దపాము నోట్లో పడిందా... మా నాయనమ్మ ఆ గవ్వలు వేసినవాళ్లతో రెండ్రోజులు మాట్లాడేది కాదు.

మాది తెనాలి. వేసవి సెలవుల్లో పిల్లలందరం చేరితే 'పాతాళభైరవి' ఆటే. ఆ సినిమా 1951లో వచ్చినా మా చిన్నతనంలో కూడా హాళ్లలో మళ్లీ మళ్లీ వేస్తుండేవాళ్లు. తోటరాముడు మా అన్నయ్య. మాంత్రికుడు బాబాయి కొడుకు. నాకెప్పుడూ రాకుమారి వేషమే. అంటే ఏం లేదు, నవారు మంచం కోడుకి కట్టేసి కూర్చోబెడతారు. వాళ్లు వచ్చి విడిపించేదాకా ఎదురుచూడాలి. ఒక్కోసారి మర్చిపోయి మామిడికాయలకి పోయేవాళ్లు కూడా! ఓసారి గట్టిగా పేచీ పెడితే ఏకంగా పాతాళభైరవినే చేశారు. తీరా చూస్తే అదీ అంతే. బొమ్మలా నిలబడి, అడిగినవాడి కోరికల్లా తీర్చాలి. బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్లకే పలుకుతుంది. మీరెప్పుడైనా గమనించారా? అందరి కోరికలూ తీర్చే ఆ తల్లిని, నీకేం కావాలమ్మా అని ఆ సినిమాలో ఒక్కరూ అడగరు.

అందుకేనేమో 'మాయాబజార్' అంటే నాకు పిచ్చి. 1957 నాటి సినిమా. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి నడిచే నడక, పీటల మీద కూర్చుని పెళ్లికొడుకు కాలు తొక్కి, బెదరగొట్టే ఆ తీరు... ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. కాకపోతే ఆ పొగరంతా లోపలున్న మగవాడిది! అసలు శశిరేఖని నిద్రపోతుండగానే మంచంతో సహా ఎత్తుకుపోయారు. ఈ సంగతి నాకు పెళ్లయ్యాక గానీ తట్టలేదు.

1990లో నాకు పన్నెండేళ్లు. ఆ మే 9న మా కోస్తాని తుపాను ముంచెత్తింది. సరిగ్గా అదే రోజు 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విడుదలైంది. నీళ్లు తగ్గాక మేమూ బురదలో నడుచుకుంటూ వెళ్లి చూశాం. ఇంద్రలోకం నుంచి దిగొచ్చిన శ్రీదేవిని చూసి మురిసిపోయాం గానీ, ఉంగరం పోతే ఆవిడ ఇంటికి కూడా వెళ్లలేదే అని నాకు లోపల ఒకటే గుంజాటన. అదే ఏడాది 'కర్తవ్యం' వచ్చింది. పోలీసు డ్రెస్సులో విజయశాంతి! ఆ వేషానికి ఆవిడకి జాతీయ ఉత్తమ నటి అవార్డు కూడా వచ్చింది. హాల్లోంచి బయటికొచ్చి మా వీధి కుర్రాళ్ల కళ్లలోకి సూటిగా చూసుకుంటూ నడిచాను. ఆ ధైర్యం రిక్షా స్టాండు దాకా ఉంది.

అంటే ఏమిటన్నమాట? దేవత అయినా అయ్యుండాలి, ఒంటిమీద యూనిఫారమైనా ఉండాలి, లేదా లోపల ఘటోత్కచుడన్నా దూరాలి. మామూలు పిల్ల కర్ర పట్టుకుని బయల్దేరే కథ నాకెక్కడా కనిపించలేదు.

తర్వాత అన్నయ్యకి టీవీకి తగిలించే వీడియో గేము కొన్నారు. అందులో మారియో. ఇద్దరు ఆడొచ్చన్నారు గానీ, మొదటివాడు చస్తేనే రెండోవాళ్ల వంతు. మా అన్నయ్య ఓ పట్టాన చచ్చేవాడు కాదు! నా వంతు వచ్చేసరికి అమ్మ అన్నానికి పిలిచేది. ఆ ఆటలో ఏడు కోటలు గెలిచినా రాకుమారి ఇక్కడ లేదు, ఇంకో కోటలో ఉందంటారు. ఎనిమిదో కోటలో గానీ దొరకదు. అంతసేపూ ఆ పిల్ల ఏం చేస్తూ ఉంటుందో? నాలాగే మంచం కోడుకి కట్టేశారేమో అనుకునేదాన్ని.

ఇంటర్ అయ్యాక కంప్యూటర్ కోర్సులో చేరాను. సారు టీకి వెళ్లగానే ఆడపిల్లలమంతా 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' తెరిచేవాళ్లం. 1989లో వచ్చిన ఆట అది. గంటలోగా వెళ్లి రాకుమారిని విడిపించాలి. ఆమె బందీయే గానీ ఊరికే కూర్చోదు. ఒకచోట మనవాడు తలుపు అవతల చిక్కుబడిపోతే, ఓ చిట్టెలుకని పంపిస్తుంది. అది వచ్చి మీట తొక్కితే తలుపు తెరుచుకుంటుంది. ఆ ఎలుక వచ్చినప్పుడల్లా మేం చప్పట్లు కొట్టేవాళ్లం!

అమెరికాలో 1988లోనే రాబర్టా విలియమ్స్ అనే ఆవిడ ఓ ఆట రాశారని మొన్నీమధ్యే తెలిసింది. 'కింగ్స్ క్వెస్ట్' వరసలో నాలుగోది. తండ్రి మంచం పడితే, ఆయన్ని బతికించే పండు కోసం రాకుమారి రోజెల్లా ఒంటరిగా బయల్దేరుతుంది. మన 'గులేబకావళి కథ'లో తండ్రికి చూపు తెప్పించే పువ్వు కోసం వెళ్లేది కొడుకు. ఇక్కడ కూతురు! నాన్న ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, కారిడార్‌లో కుర్చీలో కూర్చుని మందుల చీటీలు చూసుకుంటూ నేను అనుకున్నది కూడా అదే. పండు ఎక్కడుందో ఎవరైనా చెప్తే ఎంత దూరమైనా పోయి తెద్దును కదా అని.

నాన్న పోయాక అమ్మ మా ఇంటికి వచ్చేసింది. డెబ్బై అయిదేళ్లు. తింటావా అంటే తినేది, పడుకుంటావా అంటే పడుకునేది. అంతే, వేరే మాట లేదు. టీవీ పెడితే గోడవైపు తిరిగేది.

ఆ సెలవుల్లోనే మా అమ్మాయి నా కోసం 'రాజీ' అనే ఆట కంప్యూటర్‌లో పెట్టి వెళ్లింది. పుణెలో నాడింగ్ హెడ్స్ అనే చిన్న బృందం తయారుచేసింది. 2017లో చందాలతో డబ్బు కూడగడదామని చూస్తే అనుకున్నంత రాలేదట. అయినా వదలకుండా 2020లో బయటికి తెచ్చారు. బొమ్మల పని చూసిన శ్రుతీ ఘోష్ ఆ సంస్థ పెట్టినవాళ్లలో ఒకరు. కథంటారా, రాజీ సర్కస్ పిల్ల. తమ్ముడు గోలూని రాక్షసులు ఎత్తుకుపోతే వెతుక్కుంటూ పోతుంది. దుర్గమ్మ త్రిశూలం ఇస్తుంది నిజమే, కానీ గోడలెక్కేదీ, స్తంభాలు పట్టుకుని గిరగిరా తిరిగేదీ మాత్రం ఆ పిల్ల నేర్చుకున్న విద్యే. మధ్యమధ్యలో కథని తోలుబొమ్మలాటలా నీడబొమ్మలతో చెప్తారు.

ఆ రాత్రి నేను ఆడుతుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఆ పిల్ల పేరేమిటే?"

ఉలిక్కిపడ్డాను. అమ్మ! గుమ్మంలో నిలబడి ఎంతసేపట్నుంచి చూస్తోందో.

"రాజీ అమ్మా."

"కర్ర అలా పట్టుకోకూడదు. పొట్ట ఖాళీగా వదిలేసింది చూడు."

కుర్చీ లాక్కుని కూర్చుంది. నెలన్నర తర్వాత అమ్మ తనంతట తను మాట్లాడిన మొదటి మాటలవి. ఆ తర్వాత చెప్పింది... చిన్నప్పుడు టూరింగ్ టాకీస్‌లో 'చండీరాణి' చూసిందట. 1953లో భానుమతి తనే దర్శకత్వం వహించి, తనే రెండు వేషాలూ వేసిన సినిమా. కోటలో పెరిగిన పిరికి చంప, అడవిలో పెరిగిన చండి. అది చూశాక మా అమ్మ పట్టుబట్టి మామయ్యలతోపాటు కర్రసాము నేర్చుకుందట! మూడేళ్లు. పెద్ద మామయ్యని రెండుసార్లు పడగొట్టిందట కూడా.

"మరి ఎందుకు మానేశావమ్మా?"

"పెద్దమనిషినయ్యాను కదే. మా నాయనమ్మ ఆ కర్ర తీసి నీళ్లపొయ్యిలో పెట్టింది. ఆ నీళ్లతోనే నాకు తలంటిపోశారు."

నలభై ఏడేళ్లలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

తెర మీద రాజీ అప్పటికే కింద పడి చచ్చిపోయింది. "అయ్యో" అంది అమ్మ. మళ్లీ లేస్తుందమ్మా, ఎన్నిసార్లయినా లేస్తుంది అన్నాను. కాసేపు తెరకేసి చూసి, "అయితే లేపు" అంది.

అప్పట్నుంచి ఇద్దరం పని పంచుకున్నాం. అమ్మకి కీళ్లనొప్పులు, రెండు మీటలు ఒకేసారి నొక్కలేదు. అందుకని దూకడం తనది, పొడవడం నాది. తను ఒక్క క్షణం ఆలస్యం చేస్తే రాజీ అగాధంలోకే. నామీద విసుక్కుంటుంది. నేనూ విసుక్కుంటాను. ఓ రాత్రి మావారు మంచినీళ్లకి లేచి వచ్చి, మమ్మల్నిద్దర్నీ చూసి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "మీరు పడుకోండి బాబూ, మాకు ఇంకా పనుంది" అంది అమ్మ, తల కూడా తిప్పకుండా.

ఇప్పుడు కర్టెన్ వేయడం లేదు. నిన్నయితే సాయంత్రం దీపాలవేళే మొదలుపెట్టేశాం. వంటింట్లో పాలు పొంగే వాసన వచ్చి నేను లేవబోతుంటే అమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"పాలు నేను చూసొస్తా. నువ్వు ముందు ఆ పిల్లని గోడమీంచి దింపు."