దర్వాజ తుండ్లతో గిన్నె

మా బోథ్ వైపు ఇల్లు కడితే దర్వాజకు టేకే కావాలంటారు. దర్వాజలు, కిటికీలు అయిపోయాక వడ్రంగి కొట్టంలో జానెడు, బెత్తెడు తుండ్లు మిగులుతాయి. చేవ ఉన్న ఆ కర్ర పొయ్యిలోకి పోతుంటే నాకు మనసొప్పదు. వాటితోనే లేతు మిషన్ మీద గిన్నెలు చేస్తాను.

ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతుకు పట్టి, తిరుగుతుండగానే లక్క రంగులు అద్దుతారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు మెత్తటి కర్ర, ఒకే తుండు. నేను ముందు ముక్కలతో కడియాలు కడతాను. కడియం మీద కడియం అతికించాకే లేతుకు ఎక్కిస్తాను.

కడియానికి 12 ముక్కలు. ఒక్కో ముక్క వాటా 30 డిగ్రీలు, కాబట్టి రెండు కొసలనూ చెరో 15 డిగ్రీల వాలుగా కోయాలి. ఎనిమిదంగుళాల కడియానికి ముక్క బయటి అంచు రెండంగుళాల ఒక సూతు చిల్లర వస్తుంది. కోతలు మొత్తం 24. పావు డిగ్రీ తప్పితే కంటికి ఆనదు. అదే తప్పు 24 కోతల్లో కలిస్తే 6 డిగ్రీలు, చివరి సందు నోరు తెరుస్తుంది. అక్కడ రంపపు పొట్టు, జిగురు కూరితే చూపుకు బాగానే ఉంటుంది, లేతు వేగం అందుకోగానే విచ్చుకుంటుంది. అందుకే ఆరేసి ముక్కలతో రెండు సగాలు విడివిడిగా అతికిస్తాను. ఆరాక వాటి కొసలను చదును బల్ల మీద పరిచిన గరుకు కాగితంపై రుద్ది, అప్పుడు కలుపుతాను. మిగిలిన తేడా అక్కడ పోతుంది. నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదట చెప్పేది ఇదే.

టేకులో నూనె ఉంటుంది, జిగురును సరిగా పట్టనివ్వదు. థిన్నర్‌తో తుడిచి, ఆరగానే ఫెవికాల్ రాయాలి. టేకులో సిలికా కూడా ఎక్కువే, ఉలిని మాటిమాటికీ సాన పెట్టాలి. కడియాలు పేర్చేటప్పుడు గోడలో ఇటుకల్లాగా అతుకు మీద అతుకు రాకుండా చూడాలి.

ఇంత తిప్పలు ఎందుకంటే, కర్ర వానకు ఉబ్బేదీ ఎండకు కుంచించుకునేదీ అడ్డంగానే. నిడివిలో దాదాపు కదలదు. కడియంలో నార చుట్టూ తిరిగి వస్తుంది కనుక గిన్నె గుండ్రం చెడదు. పచ్చి తుండును తొలిచిన గిన్నె ఆరేకొద్దీ కోలగా మారుతుంది. మా గిన్నెలో జాగ్రత్త పడాల్సింది అడుగు పలక దగ్గర. అది ఒకే చెక్క, అడ్డంగా ఉబ్బుతుంది, పైనున్న కడియం దానితో సాగదు. పలక వెడల్పయితే అతుకు తెగుతుంది. అందుకే మూడంగుళాలు దాటనివ్వను.